లంకెబిందెల మీద చావని నాగు

మూసీకీ కృష్ణకూ నడుమనున్న మా ఊళ్ళలో పాత గడి గోడ కూలినా, బావి పూడిక తీస్తుంటే గడ్డపారకు రాయి తగిలి ఖంగుమన్నా, మొదట వినపడే మాట లంకెబిందెలు. ఆ వెంటనే వినపడేది వాటికి కాపలా ఉన్న పాము సంగతి. అది మామూలు పాము కాదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. కూడబెట్టిన సొమ్ము కన్నకొడుక్కు సైతం చూపించకుండా నేలలో పాతిపెట్టి, దాని మీదే ప్రాణం పెట్టుకుని పోయిన పిసినారి పామై పుట్టి ఆ బిందెలనే చుట్టుకుని ఉంటాడు. అది పుట్టగా చూసినవాళ్ళు లేరు, చావగా చూసినవాళ్ళూ లేరు. తాతలు చెప్పినప్పుడూ అది ముసలి పామే, మనవలు చెప్పుకునేటప్పుడూ ముసలి పామే.

ఈ పుస్తకంలో ఉన్నది ఆ పామే. సూర్యాపేట అమ్మాయి కథ రాసింది, కోదాడ అబ్బాయి బొమ్మలు వేశాడు, ఆట లెక్కలన్నీ మిర్యాలగూడ అబ్బాయి కట్టాడు. తమ జీవికి వాళ్ళు బొక్కల నాగు అని పేరు పెట్టారు. తోలూ మాంసమూ ఎప్పుడో మట్టిలో కలిసిపోయి, బొక్కల గూడు మాత్రం మిగిలి, అయినా పడగ దించని మహాసర్పం అది. ముందుమాట రాయమని తెచ్చి ఇస్తూ "సార్, ఇది ఆట పుస్తకం, మీకు నచ్చుతుందో లేదో" అని ఆ అమ్మాయి నసిగింది. నచ్చడమే కాదు, ఆపకుండా చదివించింది. జీవితమంతా తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి. మన కథ కొత్త పిల్లల చేతుల్లో కొత్త పని చేస్తుంటే చూడటం కన్నా నాకు కావలసింది ఏముంటుంది?

ఈ ఆట సంగతి తెలియని పెద్దల కోసం రెండు మాటలు. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 1974లో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటను తెచ్చారు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర అవుతారు. ఎదురుగా చీకటి గుహ ఉందని కథ నడిపేవాళ్ళు చెప్తారు. లోపలికి పోవాలా, కాగడా వెలిగించాలా, వెనక్కి తిరగాలా అన్నది ఆడేవాళ్ళ ఇష్టం. తలపెట్టిన పని నెరవేరిందా, బెడిసికొట్టిందా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఒగ్గుకథ విన్నవాళ్ళకు ఇది తేలిగ్గానే పట్టుబడుతుంది. అక్కడ కథకుడు నడుమ నడుమ పక్కనున్నవాణ్ణి కథలోకి లాగి ఒకసారి రాజును చేస్తాడు, ఒకసారి దాసిని చేస్తాడు. ఇక్కడ వినేవాళ్ళంతా కథలోకి దిగుతారు, ముగింపు ఎవరికీ ముందు తెలియదు.

చచ్చి లేచిన డ్రాగన్ ఆ ఆటలోకి కొంచెం ఆలస్యంగా వచ్చింది. కెనడా రచయిత ఎడ్ గ్రీన్‌వుడ్ 1986లో డ్రాగన్ అనే పత్రిక 110వ సంచికలో దాన్ని పరిచయం చేశాడు. దాని పేరు డ్రాకోలిచ్. ముసలి డ్రాగన్‌కు చావంటే భయం. దాన్ని కొలిచే మంత్రగాళ్ళ ముఠా ఒక మందు కాచి తాగిస్తుంది. డ్రాగన్ చస్తుంది, ప్రాణం మాత్రం ముందే సిద్ధం చేసి ఉంచిన రత్నంలోకి చేరుతుంది. అక్కడి నుంచి కళేబరంలోకి దూరి లేస్తుంది. ఆ రత్నం దొరికేదాకా ఒళ్ళు ఎన్నిసార్లు నరికినా లాభం లేదు. 2017లో గేమ్ ఆఫ్ థ్రోన్స్ ఏడో సీజన్‌లో మంచుగడ్డ కింద నుంచి గొలుసులతో లాగిన చచ్చిన డ్రాగన్ నీలికన్ను తెరిచిన ఘట్టాన్ని మన ఊళ్ళ కుర్రకారు కూడా ఫోన్లలో చూసి నోళ్ళు వెళ్ళబెట్టారు. ఈ ముగ్గురికీ బీజం అక్కడే పడిందట. ఆ బీజాన్ని తెచ్చి ఈ నేలలో నాటడంలో వాళ్ళు చూపిన తెలివిని గురించే నేను ముఖ్యంగా చెప్పాలనుకుంటున్నాను.

ప్రాణం ఒకచోట, ఒళ్ళు ఒకచోట. ఈ ఏర్పాటును తెలుగువాడికి ఎవరూ నేర్పక్కర్లేదు. మాయల మరాఠీ ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉంటుంది. బాలనాగమ్మను నాగుళ్ళపూడి గట్టుకు ఎత్తుకుపోయి చెరలో పెడతాడు. ఆమె భర్త కార్యవర్ధిరాజు వల్ల కాలేదు, సైన్యాల వల్ల కాలేదు. కొడుకు బాలవర్ధిరాజు పెరిగి పెద్దవాడై, గుట్టు తెలుసుకుని, ఆ చిలుకను పట్టి తెచ్చేదాకా మరాఠీకి చావు లేదు. బుర్రకథల్లో, వీధి నాటకాల్లో ఈ కథ ఎన్ని రాత్రులు నడిచిందో లెక్కలేదు. 1942లో జెమినీ వారి సినిమాలో గోవిందరాజుల సుబ్బారావును చూసి ఒక తరం జడుసుకుంటే, 1959లో ఎస్.వి. రంగారావును చూసి మా తరం జడుసుకుంది. చిలుక మెడ విరుస్తుంటే అవతల మరాఠీ గిలగిలా కొట్టుకునే ఘట్టంలో జనం లేచి నిలబడేవారు. ఆ కథలో శూరత్వం కంటే ఆరా తీయడం గొప్ప. చిలుక ఎక్కడుందో తెలుసుకోవడమే సగం కథ. మంచి ఆటకు కూడా అదే కదా కావలసింది! కత్తి తీసుకుని ఎదురుపడి నరకడం పది నిమిషాల్లో అయిపోతుంది. గుట్టు కోసం ఊరూరా తిరిగి, ముసలమ్మలను అడిగి, శాసనం చదివి, అబద్ధం చెప్పినవాణ్ణి కనిపెట్టి పోతే వారాల తరబడి ఆడొచ్చు. ఈ పుస్తకంలో నాగుతో తలపడే భాగం ఆరు పేజీలు దాటలేదు. నాగు ప్రాణం ఎక్కడుందో వెతికే భాగమే అరవై పేజీలుంది. ఈ పాళ్ళు కుదరడంలోనే వాళ్ళ పనితనం నాకు కనిపించింది.

ఇక బంగారం సంగతి. పడమటి దేశాల డ్రాగన్ ఎప్పుడూ బంగారం గుట్ట మీదే పడుకుని ఉంటుంది. ఉత్తరాది వాళ్ళ పాత కథల్లో ఫాఫ్నిర్ అనేవాడున్నాడు. సొమ్ము కోసం కన్నతండ్రిని చంపి, ఆ సొమ్ము మీద పడుకుని పడుకుని డ్రాగనైపోయాడు. మన పిసినారి చచ్చి పామయ్యాడు, వాళ్ళవాడు చావకుండానే అయ్యాడు. తేడా అంతే. ఎక్కడి ఐస్‌లాండ్, ఎక్కడి నల్లగొండ! రెండుచోట్లా జనం ఒకే దురాశను ఒకే ఆకారంలో చూశారంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఈ పిల్లలు ఈ రెండు దారాలనూ పేని ఒక తాడు చేశారు. వాళ్ళ కథలో మొదటి చావుతో మనిషి పామయ్యాడు. వందల ఏళ్ళు బిందెలు కాచాక పాముకూ ముసలితనం వచ్చింది. మళ్ళీ చస్తే బిందెలు ఎవరి పాలవుతాయో అన్న దిగులు పట్టుకుంది. నిధులు చూపిస్తానని ఊరూరా తిరిగే ఒక మోసగాడు దాని దగ్గరికి వచ్చి బేరం పెట్టాడు. రెండో చావుతో పాము బొక్కల నాగయింది. ఏ రెండు చావుల్లోనూ అది తన బిందెలను ఒక్కసారైనా తెరిచి చూసుకోలేదు.

ఆ మోసగాడి గురించి ఒక మాట చెప్పాలి. మొదటి ప్రతిలో అక్కడ ఊరి చివర గుడిసెలో ఒంటరిగా ఉండే ముసలి మంత్రగత్తె ఉండేది. మార్చమని గట్టిగా చెప్పాను. చేతబడి చేస్తుందన్న అనుమానంతో ఒంటరి ఆడవాళ్ళను, ముసలివాళ్ళను కొట్టి చంపిన ఘోరాలు మన తెలంగాణ పల్లెల్లో జరిగాయి, ఇప్పటికీ ఆ మాట పూర్తిగా పోలేదు. కల్పిత కథలోనైనా ఆ అనుమానానికి నెయ్యి పోయకూడదు. వాళ్ళు వాదించకుండా ఒప్పుకుని ఆ పాత్రనే తీసేశారు. దాని చోట వచ్చిన మోసగాడు కథకు ఇంకా బాగా అతికాడు, ఎందుకంటే అలాంటివాళ్ళను మనం నిజంగానే చూస్తున్నాం. గుప్తనిధుల పేరుతో రాత్రిళ్ళు పాత గుళ్ళలో నందుల కింద గోతులు తీసి, లింగాలను పెకిలించి, వందల ఏళ్ళ శిల్పాలను ముక్కలు చేసిన సంగతులు పేపర్లలో వస్తూనే ఉంటాయి. అందుకే ఈ పుస్తకంలో వాళ్ళు తీసుకున్న జాగ్రత్త నాకు నచ్చింది. ఊళ్ళ పేర్లు నిజమైనవే, నిధి ఉన్న చోటు మాత్రం పూర్తిగా కల్పితం. నిజమైన ఏ గుడి పటాన్నీ నిధి పటంగా గీయలేదు. గుడిలో రాయి కదిలించిన పాత్రకు ఆటలో వెంటనే శిక్ష పడేలా నియమం పెట్టారు.

మన దగ్గర ఇలాంటి జీవులకు కరువు ఏనాడూ లేదు. నీళ్ళను బంధించి కూర్చున్న వృత్రుణ్ణి వేదం అహి అంది, అంటే పామే. ఉరువేలలో కాశ్యపుడి అగ్నిశాలలో బుద్ధుడి మీదికి పొగా మంటా కక్కిన నాగుడున్నాడు. నిప్పు కక్కే పాము మనకు సినిమా వాళ్ళు తెచ్చిపెట్టింది కాదు, రెండువేల ఏళ్ళ కిందటి శిల్పులకే తెలుసు. సూర్యాపేట జిల్లా నాగారం మండలంలో ఫణిగిరి కొండ మీద ఇక్ష్వాకుల నాటి బౌద్ధ విహారాలు బయటపడ్డాయి. అక్కడి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో జరిగిన ట్రీ అండ్ సర్పెంట్ ప్రదర్శనకు వెళ్ళొచ్చాయి. చెట్టూ పామూ పేరుతో ప్రపంచానికి చూపించిన కళలో మన జిల్లా గుట్ట మీది రాళ్ళున్నాయంటే, పడగల గురించి రాయడానికి ఈ ప్రాంతం పిల్లలకున్న హక్కు ఎవరికుంది?

అయితే ఈ నాగుకు అసలైన పూర్వీకుడు నహుషుడని నా నమ్మకం. ఇంద్రపదవి ఎక్కి కళ్ళు నెత్తికెక్కిన రాజు, మహర్షుల చేత పల్లకి మోయించి, అగస్త్యుడి శాపంతో కొండచిలువైపోయాడు. యుగాల తరబడి అడవిలో పడి ఉన్నాడు. ఒళ్ళు పాముది, జ్ఞాపకం మనిషిది. వనవాసంలో భీముణ్ణి చుట్టేస్తే, అంతటి భీముడు కదల్లేకపోయాడు. విడిపించింది ధర్మరాజు. గద ఎత్తలేదు, బాణం వేయలేదు. అది అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పాడు, అంతే. శాపం తీరిపోయింది. దామరచర్ల మండలం వాడపల్లిలో, కృష్ణలో మూసీ కలిసే చోట, అగస్త్యుడు ప్రతిష్ఠించాడని చెప్పుకునే శివాలయం ఉంది. నహుషుణ్ణి శపించిన మునిని మిర్యాలగూడ వాళ్ళు పక్కనే పెట్టుకుని ఉన్నారన్నమాట. ఆ సంగమానికే ఈ పుస్తకంలో ఒక అధ్యాయం ఇచ్చారు. అదే ఊళ్ళో లక్ష్మీనరసింహస్వామి గర్భగుడిలో రెండు దీపాలుంటాయి. స్వామి ముఖానికి ఎదురుగా ఉన్నది ఊపిరి తగిలినట్టు రెపరెపలాడుతుంది, కింది దీపం నిలకడగా ఉంటుంది. భక్తులు ఎరిగిన ఈ విశేషాన్ని కథలో ఎంత మర్యాదగా వాడుకున్నారో చూడండి. పాత్రలు గుళ్ళోకి వెళ్ళి దణ్ణం పెట్టుకుని బయటికి వస్తాయి. ఆ రాత్రి వాళ్ళు వెలిగించుకున్న లాంతరు, గాలి లేకపోయినా, రెపరెపలాడుతుంది. నాగు దగ్గర్లో ఉందన్న గుర్తు అంతే. దేవుణ్ణి పాచికల లెక్కలోకి లాగలేదు.

ఆటలో పాము ఉండటం కూడా మనకు కొత్త కాదు. శివరాత్రి జాగారాల్లో గవ్వలో పాచికలో వేసి వైకుంఠపాళి ఆడని ఇల్లు ఒకప్పుడు ఉండేది కాదు. ఆ పటంలో పాములకు పేర్లుండేవి, ఒక్కొక్క పాము ఒక్కొక్క రాక్షసుడు, ఒక్కొక్క పాపం. అన్నిటికన్నా పొడుగైనది అరుకాషుడు. ఇంకొన్ని గళ్ళు పోతే వైకుంఠం అనగా వాడి నోట్లో పడితే మళ్ళీ మొదటికి రావాలి. ఆ పటం చేసినవాళ్ళకు ఒక సంగతి బాగా తెలుసు. గెలుపు దగ్గరపడ్డాకే పెద్ద పాము ఉండాలి. మిర్యాలగూడ అబ్బాయి ఇంట్లో అమ్మమ్మ దాచిన పటం ఒకటి ఉందట, అంచులు చిరిగి, మడతల దగ్గర బట్ట అంటించి. దాన్ని ఎదురుగా పెట్టుకునే నాగు బలాబలాలు నిర్ణయించానని నాతో చెప్పాడు. నాగు కాటు వేస్తే ప్రాణబలం తగ్గదు. పాత్ర అప్పటిదాకా కథలో సంపాదించుకున్న గుట్టుల్లో ఒకటి మర్చిపోతుంది, మళ్ళీ వెతుక్కోవాలి. అరుకాషుడి దెబ్బే ఇది. నేను చదివిన పేజీలన్నిటిలో ఇంత చక్కని నియమం ఇంకోటి లేదు.

నా చిన్నతనంలో ఇలాంటి భయం, సంతోషం రెండూ కలిపి ఇచ్చింది చందమామ. దాసరి సుబ్రహ్మణ్యం గారి తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, రాకాసిలోయ, పాతాళదుర్గం! నెల నెలా ఎదురుచూసి, ఆ పుస్తకం సూర్యాపేటలో బస్సు దిగిందని తెలిస్తే పరుగెత్తుకెళ్ళేవాళ్ళం. ఆ ధారావాహికలకు చిత్ర గారు వేసిన బొమ్మల్లో శిథిలాలు, కాగడాలు, రెక్కల జంతువులు కళ్ళకు కట్టేవి. ఆయన గీసిన గుహలో చీకటి కూడా కనిపించేది. సుబ్రహ్మణ్యం గారు దశాబ్దాల పాటు ఆ పత్రికలో పనిచేసి తన పేరు కూడా బయటికి రానీయలేదు. ఇప్పుడు తెలుగులో ఊహాకథలు రాస్తున్న ప్రతివాళ్ళూ ఆయనకు బాకీ ఉన్నారని నా అభిప్రాయం. ఈ పుస్తకం అంకితం పేజీలో ఆయన పేరు చూసి నాకు చాలా తృప్తి కలిగింది. నేను చెప్పి పెట్టించింది కాదు.

కోదాడ అబ్బాయి బొమ్మల గురించి చెప్పకపోతే అన్యాయం. బడిలో ఉన్నప్పుడు హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంకు తీసుకెళ్తే అక్కడ నిలబెట్టిన కోటాసారస్ అస్థిపంజరం కింద నిలబడి తల పైకెత్తి చూశాడట. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర దొరికిన బొక్కలవి, జురాసిక్ కాలం నాటి శాకాహారి. ఒకే జంతువు బొక్కలు పూర్తిగా దొరక్కపోతే చాలా జంతువులవి కలిపి ఆ గూడు నిలబెట్టారు. ఆ ఒక్క సంగతి పట్టుకుని అతను ఎంత దూరం పోయాడో చూడండి. బొక్కల నాగు ఒంట్లో ఉన్నవన్నీ దాని సొంత బొక్కలు కావు. వెన్ను అరిగినచోట ఎద్దు వెన్నుపూస ఉంది. పక్కటెముకల్లో నడుమ ఒకటి నాగలి మేడి. తోక కొసన వరసగా ఉన్నవి మనుషుల చేతివేళ్ళు, బిందెల కోసం చెయ్యి పెట్టినవాళ్ళవి. పదకొండో పేజీలో పెద్ద బొమ్మ ఉంది. దాంట్లో దవడ దగ్గర ఒక చిన్న వెండి కడియం వేలాడుతుంది. ఎవరిదో కథలో ఎక్కడా చెప్పలేదు. ఆ కడియం నన్ను చాలాసేపు వదల్లేదు.

కోదాడ, హుజూర్‌నగర్, మేళ్ళచెరువు వైపు సున్నపురాయి గనులు, సిమెంటు కార్ఖానాలు అందరికీ తెలిసినవే. ఆ రాయి వెన్నెముక ఉన్న జంతువులు పుట్టకముందు సముద్రం అడుగున పేరుకున్నది. ఎంత తవ్వినా అందులో రాకాసిబల్లి బొక్క దొరకదు. రెండో అధ్యాయంలో గనిలో మందుగుండు పేల్చినప్పుడు రాతిగోడలో పక్కటెముకల వరస బయటపడుతుంది. భూగర్భశాస్త్రం చదివిన పాత్ర ఒకటి చూసి, ఈ రాతిలో బొక్కలుండవు, ఇవి తర్వాత వచ్చి దూరినవి అంటుంది. అక్కడే కథ మలుపు తిరుగుతుంది. శాస్త్రం తెలిసినవాళ్ళు రాసిన దయ్యం కథకు బిగువెక్కువ.

మరి ఈ నాగు ప్రాణం ఎక్కడ దాచారు? చిలుకలో దాచలేదు, రత్నంలో దాచలేదు. సూర్యాపేట పక్కనున్న పిల్లలమర్రి ఈ కథకు మొదటి మజిలీ. 1208 నాటి ఎరకేశ్వరాలయం, నామేశ్వరాలయం, శాసనాలు, వాటి పక్కన చెరువు చూసినవాళ్ళకు, ఆ గుళ్ళు కట్టించిన రేచెర్ల రెడ్లు గుడినీ చెరువునూ విడదీయలేదని అర్థమవుతుంది. ఈ పిల్లలు ఒక కల్పిత చెరువు పెట్టి, దాని తూము కింది రాతిలో నాగు ప్రాణం ఉంచారు. పాత చెరువు తూము ఈ కాలం పిల్లలకు తెలియదు కాబట్టి దాన్ని వివరంగా రాశారు. నీళ్ళలో నిలబడ్డ రెండు రాతి కంబాలు, వాటి నడుమ అడ్డపలకలు, పలకల బెజ్జాల్లోంచి కిందికి దిగే పొడవాటి కర్ర, కర్ర కొసన తూముకన్నుకు బిగిసే బిరడా. ఎప్పుడు ఎత్తాలో, ఎంత ఎత్తాలో నీరటికి తెలుసు. బిరడా కింద ఆ రాయి. అది ఉన్నన్నాళ్ళూ చెరువు ఎంత నిండినా చివరి పొలానికి నీళ్ళందవు. కాలువ చివరి భూముల రైతు గోస తెలిసిన కోదాడ, మిర్యాలగూడ ప్రాంతంలో ఈ ఊహ ఎంత లోతుగా తగులుతుందో నేను చెప్పక్కర్లేదు. వృత్రుడు మళ్ళీ వచ్చి మన చెరువులో కూర్చున్నాడు.

రాయి పీకేస్తే నాగు చస్తుంది. కానీ రాయి పీకితే కట్ట తెగుతుంది, కింద ఉన్న ఊరు మునుగుతుంది. చెరువు ఎండే రోహిణి కార్తెలో పీకొచ్చు. అయితే నీళ్ళు లేని చెరువులో నాగును ఆపేది ఏదీ ఉండదు, ఏడాది మొత్తంలో అది అన్నిటికన్నా బలంగా ఉండేది అప్పుడే. ఆడేవాళ్ళు ఏ దారి ఎంచుకున్నా ఏదో ఒకటి వదులుకోవాలి. కట్ట మీద మైసమ్మ గుడి దగ్గర కూర్చుని పాత్రలన్నీ తర్జనభర్జన పడే ఘట్టం ఎంతసేపు నడవాలో నియమం లేదు. తొందరపెట్టొద్దని మాత్రం రాశారు.

వాళ్ళు ఆడుతుండగా ఒకసారి పక్కన కూర్చుని చూశాను. కథ నడుపుతున్నది సూర్యాపేట అమ్మాయే. రోహిణి కార్తె ఎంచుకున్నారు. ఎండిన చెరువు, నెర్రెలు బారిన ఒండ్రు, నడుమ లేచిన పడగ. ఇద్దరు కత్తులు దూశారు, ఒకరు ధనుస్సు ఎత్తారు. నీరటి పాత్ర ఆడుతున్న కుర్రాడు మాత్రం పాచిక పక్కన పెట్టి నాగు ముందు గొంతు కూర్చుంటానన్నాడు.

"తాతా, బిందెలల్ల ఎంతుంది?" అని అడిగాడు.

ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగింది. ఇది పుస్తకంలో లేని ప్రశ్న. తర్వాత గొంతు తగ్గించి నాగు మాట చెప్పింది.

"యాది లేదు బిడ్డా."

"లెక్కవెడుదామా?"

అందరూ ఆ అమ్మాయి మొహం వైపే చూస్తున్నారు. పాచిక వేయమంది, పదిహేను దాటితే నాగు ఒప్పుకుంటుందంది. పదిహేడు పడింది. బొక్కలు ఒక్కొక్కటే సడలి, చుట్టలు విప్పుకుని, నాగు పక్కకు జరిగింది. బిందెలు తెరిచి చూస్తే ఏముండాలన్నది ఆ రాత్రి వాళ్ళు తేల్చుకోలేక మరో రోజుకు వాయిదా వేశారు. ధర్మరాజు ఆ కుర్రాడికి తెలుసో లేదో నేను అడగలేదు. ఆ ఘట్టాన్ని తర్వాత పుస్తకంలో చేర్చారు. నాగును జయించే నాలుగు దారుల్లో అది నాలుగోది.

భాష గురించి కొందరు పెద్దలు అభ్యంతరం చెప్పొచ్చు. నాగు ఈ పుస్తకంలో నల్లగొండ మాట మాట్లాడుతుంది, పాత్రలన్నీ అదే మాట్లాడతాయి. మహాసర్పాలు గ్రాంథికం మాట్లాడాలన్న నియమం ఎక్కడా లేదు. మన ఊరి పిసినారి చచ్చి పామైతే మన మాటే మాట్లాడుతుంది. నియమాల భాగం మాత్రం అందరికీ తెలిసిన తెలుగులో, చిన్న వాక్యాల్లో ఉంది. పదో తరగతి పిల్లలకు ఇబ్బంది ఉండదు.

నాకు నచ్చనిది ఒకటుంది, అదీ చెప్తాను. మూడో అధ్యాయంలో నాగార్జునసాగర్ నీళ్ళ కింద మునిగిన విజయపురి వీధుల్లోకి పాత్రలు దిగుతాయి. 1954 నుంచి 1960 దాకా తవ్వి తీసిన నగరం, ఆనకట్ట నీళ్ళలో కలిసిపోయిన లోయ, దీవి మీదికి చేర్చిన స్తూపాలు, నాగలోకం నుంచి గ్రంథాలు తెచ్చాడని చెప్పుకునే ఆచార్య నాగార్జునుడు! ఇంత సరుకును పద్దెనిమిది పేజీల్లో ముగించేశారు. చదువుతుంటే విందులో విస్తరి ముందు నుంచి లేపేసినట్టయింది. అది వేరే పుస్తకమే కావాలి. అడిగితే రాస్తామన్నారు. రాసేదాకా నేను అడుగుతూనే ఉంటాను.

కొత్తగా ఆడేవాళ్ళు మొదటి పేజీ నుంచి మొదలుపెట్టొద్దని నా సలహా. నియమాలు చదువుతూ కూర్చుంటే విసుగొస్తుంది. ముందు పిల్లలమర్రి మజిలీ తీయండి. నీరటి పాత్రను మీలో అందరికన్నా తక్కువ మాట్లాడేవాళ్ళకు ఇవ్వండి. పాచిక లేకపోతే చిట్టీల మీద ఒకటి నుంచి ఇరవై దాకా రాసి గిన్నెలో వేసుకోండి, ఈ ముగ్గురూ మొదట్లో అలాగే ఆడారు. ఇంట్లో నానమ్మో అమ్మమ్మో ఉంటే ఆ సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకోండి. లంకెబిందెల కథ ప్రతి ఊళ్ళో ఒకటుంటుంది. ఆమె చెప్పే పాము ఈ పుస్తకంలోని పాముకు భిన్నంగా ఉంటే ఆమె చెప్పినట్టే ఆడండి. చివర్లో అందుకోసమే నాలుగు ఖాళీ పేజీలు వదిలారు.